కిడ్ ఏ (ఆల్బమ్)

కిడ్ ఏ, ఇంగ్లాండుకు చెందిన రేడియోహెడ్ అనే రాక్ సంగీత బృందం వెలువరించిన నాలుగవ ఆల్బమ్. ఇది 2000 అక్టోబరు 2న బ్రిటన్‌లోను, మరునాడు అమెరికాలోను విడుదలైనది. ఇందులో పది పాటలు కలవు. మొత్తం నిడివి సుమారు 50 నిమిషాలు. విడుదలైన నాడు శ్రోతలను రెండు వర్గాలుగా చీల్చి, పదేళ్ళు తిరగకముందే ఆ దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా పలు పత్రికలచే ఎంపిక చేయబడుటచేత, సంగీతంపై శ్రోతల అభిప్రాయం ఏ విధంగా ఏర్పడుతుందో, ఏ విధంగా మారుతుందో తెలుసుకొనుటకు దీనిని తరచుగా ఉదాహరణగా చూపుతారు.

నేపథ్యం

రేడియోహెడ్ బృందం ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఆబింగ్డన్ పట్టణంలో పుట్టినది. ఒకే పాఠశాలలో చదువుకున్న థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, అతని అన్న కాలిన్ గ్రీన్‌వుడ్, ఎడ్ ఓబ్రయన్, ఫిలిప్ సెల్వే ఇందలి సభ్యులు. 1985 నుండి కలిసి వాయిస్తున్న వీరు 1991లో పార్లొఫోన్ సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. పాబ్లో హనీ (1993), ద బెండ్స్ (1995), ఓకే కంప్యూటర్ (1997) వీరి తొలి మూడు ఆల్బమ్‌లు. ఈ మూడింటికీ గిటారే ప్రాణం. ముగ్గురు గిటారు వాద్యకారులు, బిగ్గరగా ఎగసే పల్లవి, యార్క్ గొంతులోని ఆర్తి - ఈ మూడూ ఉంటే రేడియోహెడ్ పాట అని శ్రోతలు గుర్తు పట్టేవారు.

ఓకే కంప్యూటర్ ఘన విజయం సాధించినది. అయితే దాని వెంట జరిపిన సుదీర్ఘ ప్రపంచయాత్ర యార్క్‌ను మానసికంగా కుంగదీసినది. ఎడతెగని ప్రశ్నలు, ముఖాముఖీలు, ప్రయాణాల మధ్య ఆయన అలసటను గ్రాంట్ గీ తీసిన మీటింగ్ పీపుల్ ఈజ్ ఈజీ (1998) అనే డాక్యుమెంటరీ చిత్రంలో చూడవచ్చు. యాత్ర ముగిసిన పిదప ఆయనకు పాట వ్రాయుటయే కష్టమైనది. తన గొంతుపైనా, గిటారుపైనా ఆయనకు విముఖత కలిగినది. అదే సమయంలో తమ పాత శైలిని పోలిన బృందాలు బ్రిటన్‌లో పుట్టుకు రాసాగాయి. యార్క్ మాత్రం ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ వంటి ఎలక్ట్రానిక్ సంగీతకారుల రికార్డులు వింటూ కాలం గడిపారు.

ధ్వనిముద్రణ

1999 జనవరిలో పారిస్‌లో మొదలైన ధ్వనిముద్రణ కోపెన్‌హేగన్, గ్లాస్టర్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌ల మీదుగా 2000 ఏప్రిల్ వరకు సాగినది. నైజెల్ గాడ్రిచ్ బృందంతో కలిసి నిర్మాణ బాధ్యత వహించారు. పని సులువుగా సాగలేదు. పాటలో గిటారుకే చోటు లేనప్పుడు గిటారు వాయించేవాడు ఏం చేయాలి? యంత్రమే తాళం వేస్తుంటే డ్రమ్ములు వాయించేవాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నలు బృందంలోనే తలెత్తాయి. మునుపటి ఆర్భాటం తగ్గించి సూటి గిటారు పాటలు చేద్దామని ఓబ్రయన్ ఆశించారు. విడుదల చేయదగిన ఆల్బమ్ తయారు కాకపోతే బృందాన్ని రద్దు చేసుకుందామని సభ్యులు అనుకున్న సందర్భం కూడా కలదు. శ్రోతలు తరువాత పడిన తికమకను ముందుగా ఆ ఐదుగురే అనుభవించారన్నమాట.

ఫలితంగా వచ్చిన సంగీతంలో సింథసైజర్లు, డ్రమ్ యంత్రాలు, వాద్యబృందపు తీగవాద్యాలు, ఇత్తడి ఊదు వాయిద్యాలు ప్రధాన స్థానం పొందాయి. జానీ గ్రీన్‌వుడ్ ఓండ్ మార్తెనో అనే వాయిద్యాన్ని విరివిగా వాడారు. ఫ్రాన్స్‌కు చెందిన మోరిస్ మార్తెనో 1928లో లోకానికి పరిచయం చేసిన ఈ తొలితరం ఎలక్ట్రానిక్ వాయిద్యం మనిషి గొంతును తలపించే జారుడు స్వరాలు పలుకుతుంది. యార్క్ కాగితంపై వ్రాసిన పదాలను ముక్కలుగా కత్తిరించి, కలగలిపి, చేతికి వచ్చినవాటితో కొన్ని పాటలు కట్టారు. సాహిత్యాన్ని ఆల్బమ్‌తో పాటు అచ్చువేయలేదు. అందుచేత పాట అర్థమేమిటన్నది పూర్తిగా శ్రోత ఊహకే మిగిలినది.

విడుదలకు ముందే విన్నవారు

ఈ ఆల్బమ్ చరిత్రలో ఆసక్తికరమైన భాగం ఇదే. 2000 వేసవిలో బృందం మధ్యధరా ప్రాంతపు దేశాలలో కచేరీలు చేస్తూ కొత్త పాటలు పాడినది. శ్రోతలు వాటిని రికార్డు చేసి, నాప్‌స్టర్ అనే పాటల మార్పిడి సేవ ద్వారా ఒకరికొకరు పంచుకున్నారు. బార్సిలోనాలో పాడిన పాటలు మరునాటికే నాప్‌స్టర్‌లో కనిపించాయని, కొన్ని వారాల తరువాత ఇజ్రాయెల్‌లో కచేరీ చేసినప్పుడు అక్కడి శ్రోతలకు ఆ కొత్త పాటలు నోటికి వచ్చి ఉన్నాయని కాలిన్ గ్రీన్‌వుడ్ సంతోషంతో చెప్పారు. ఇంకా అంగడిలోకి రాని పాటను జనం గొంతు కలిపి పాడుట అప్పటికి చాలా కొత్త సంగతి.

విడుదలకు సుమారు మూడు వారాల ముందు ఆల్బమ్ మొత్తం నాప్‌స్టర్‌లోకి చేరినది. అమ్మకాలు దెబ్బ తింటాయని పలువురు భావించారు. పైగా బృందం అలవాటైన ప్రచారమేదీ చేయలేదు. ఆల్బమ్ నుండి సింగిల్ ఒక్కటీ వెలువరించలేదు. పాటలకు వీడియోలు తీయలేదు. వాటికి బదులు బ్లిప్‌లు అని పిలువబడిన, నిమిషం కూడా నిడివి లేని చిన్న చిత్రాలను వదిలారు. విమర్శకులకు ముందుగా ప్రతులు విరివిగా పంపకుండా, ప్రత్యేక సమావేశాలలో వినిపించారు. ఐరోపాలో వాణిజ్య ప్రకటనలు లేని సొంత గుడారంలో కచేరీలు చేశారు.

ఇన్ని జరిగినా ఆల్బమ్ బ్రిటన్, అమెరికాలు రెండింటిలోనూ మొదటి స్థానానికి చేరినది. అమెరికాలో తొలివారం 2 లక్షల 7 వేలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అంతకు మునుపు వచ్చిన ఓకే కంప్యూటర్ అక్కడ 21వ స్థానం దాటలేదన్నది గమనార్హం. ముందుగా ఉచితంగా విన్నవారే తరువాత కొన్నారని కొందరు, మునుపటి ఆల్బమ్ తెచ్చిన పేరు వలననే కొన్నారని కొందరు వాదించారు. రెండింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. ఏమైనప్పటికీ, కొన్నవారందరూ మెచ్చారని దీని అర్థం కాదు.

తొలి స్పందన

మొదటి పాట ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్ మొదలుకాగానే శ్రోతకు వినిపించేది గిటారు కాదు, మెత్తని సింథసైజర్ మోత. దాని మీద ముక్కలు ముక్కలుగా తెగి, వెనక్కు ముందుకు తిరిగే యార్క్ గొంతు. పాశ్చాత్య రాక్ సంగీతానికి అలవాటైన నాలుగు లెక్కకు బదులు ఇది పది లెక్కలో నడుస్తుంది. (ఖండచాపు తాళపు ఐదు లెక్కను ఎరిగిన మన శ్రోతలకు ఇది అంత వింతగా తోచదు.) రెండవ పాటలో, అనగా ఆల్బమ్ పేరు గల పాటలో, గొంతు పూర్తిగా యంత్రంలో కలిసిపోయి ఒక్క మాటా స్పష్టంగా వినిపించదు. మూడవ పాట ద నేషనల్ యాంథమ్‌లో ఎనిమిది మంది ఊదు వాయిద్యకారులు జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ ధోరణిలో ఒకరి మీద ఒకరు పడుతున్నట్లు వాయిస్తారు. ఓకే కంప్యూటర్ వంటిదే మరొకటి కావాలని మూడేళ్ళు ఎదురుచూసిన అభిమాని మనఃస్థితిని ఊహించవచ్చు.

నిరాశ చెందినవారి వాదనను తేలికగా తీసివేయరాదు. బ్రిటన్‌కు చెందిన మెలొడీ మేకర్ పత్రికలో మార్క్ బోమాంట్ ఐదుకు ఒకటిన్నర మార్కులు మాత్రమే ఇచ్చారు. నవలా రచయిత నిక్ హార్న్‌బీ ద న్యూయార్కర్ పత్రికలో వ్రాసిన సమీక్షలో మరొక కోణం ఎత్తి చూపారు. ఇటువంటి ఆల్బమ్ అర్థం కావాలంటే ఎంతో సమయం, ఓపిక అవసరమని, అవి పదహారేళ్ళ కుర్రవాడికి ఉంటాయి గాని పగలంతా పనిచేసి ఇంటికి వచ్చే పెద్దవారికి ఉండవని ఆయన అభిప్రాయం. ఇది సోమరితనమని కొందరు ఆయనను తప్పుపట్టారు. కాని డబ్బుతో పాటు సమయం కూడా ఖర్చుపెట్టే శ్రోత తరఫున అడిగిన న్యాయమైన ప్రశ్నగా దీనిని చూడవలెను.

మరొక వర్గం అభ్యంతరం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఎలక్ట్రానిక్ సంగీతం ముందునుండీ వింటున్నవారికి ఇందులో కొత్తదనం కనిపించలేదు. ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ వంటివారు ఏళ్ళ క్రితమే చేసిన పనిని రాక్ అభిమానులు ఇప్పుడు కనుగొని ఆశ్చర్యపడుతున్నారని వారి ఆక్షేపణ. ఒక వర్గానికి మితిమీరిన వింతగా తోచినది, మరొక వర్గానికి పాతచింతకాయ పచ్చడిగా తోచినదన్నమాట.

మెచ్చినవారు సైతం అదే తీవ్రతతో మెచ్చారు. అమెరికాకు చెందిన పిచ్‌ఫోర్క్ అనే అంతర్జాల పత్రికలో బ్రెంట్ డిక్రెసెంజో పదికి పది మార్కులు ఇచ్చారు. ఉపమానాలతో పొంగిపొరలిన ఆ సమీక్ష ఎంత ప్రశంస పొందినదో అంత పరిహాసానికీ గురైనది. 2000 అక్టోబరు 14న సాటర్డే నైట్ లైవ్ అనే అమెరికా టెలివిజన్ కార్యక్రమంలో బృందం రెండు పాటలు పాడినప్పుడు, ఒళ్ళు మరచి ఊగిన యార్క్‌ను చూసి కొందరు ముగ్ధులయ్యారు, కొందరు విస్తుపోయారు. 2001లో ఈ ఆల్బమ్‌కు ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం లభించినది.

తెలుగు కావ్య విమర్శలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అనే విభజన కలదు. నోట వేసుకొనగానే రసమూరేది మొదటిది. తొక్క ఒలిచి తినవలసినది రెండవది. పీచు తీసి, టెంకాయ పగులగొడితే గాని రుచి తెలియనిది మూడవది. రేడియోహెడ్ శ్రోతలు కదళీపాకానికి అలవాటు పడినవారు. వారి చేతికి అకస్మాత్తుగా కొబ్బరికాయ వచ్చినది. లోపల నీరు ఉన్నదా, ఎండిపోయినదా అన్నదే ఆనాటి వివాదం.

శ్రోతలు ఎక్కువగా చర్చించిన పాటలు

వివాదంలో ఇరువర్గాలకూ నచ్చిన పాట హౌ టు డిసపియర్ కంప్లీట్‌లీ. ఇందులో గిటారు, గొంతు స్పష్టంగా వినిపిస్తాయి. తీగవాద్యాల భాగాన్ని ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని డార్చెస్టర్ మఠాలయంలో ఆర్కెస్ట్రా ఆఫ్ సెయింట్ జాన్స్ వాయించినది. యాత్రల ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో ఆర్.ఇ.ఎమ్. గాయకుడు మైకేల్ స్టైప్ చెప్పిన సలహా ఈ పాటకు ప్రేరణ. ఆప్టిమిస్టిక్ అనే పాట పాత రేడియోహెడ్‌కు దగ్గరగా ఉండుటచేత అమెరికా రేడియోలు దానినే ఎక్కువగా ప్రసారం చేశాయి.

ఇడియోటెక్ కథ వేరు. జానీ గ్రీన్‌వుడ్ యంత్రాలతో చేసిన దాదాపు 50 నిమిషాల ధ్వనుల టేపును యార్క్‌కు ఇచ్చారు. అందులో ఒక నిమిషం కూడా లేని ఒక ముక్క యార్క్‌ను ఆకట్టుకున్నది. దాని చుట్టూ పాట అల్లారు. ఆ ముక్కలోని నాలుగు స్వరసముదాయాలు నిజానికి అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరుపై కూర్చిన మిల్డ్ ఉండ్ లైజె అనే కృతిలోనివి. ఆయన అనుమతితోనే వాడుకున్నారు. కొద్దిమంది పండితులు మాత్రమే ఎరిగిన ఆ కృతి ఈ పాట వలన లక్షలాది శ్రోతల చెవిన పడినది. మొదట బెదిరించిన ఈ పాటయే తరువాత కచేరీలలో జనం ఎదురుచూసే పాట అయినది.

ట్రీఫింగర్స్ మాత్రం నేటికీ అభిమానులలో సైతం కొందరు దాటవేసే భాగం. గొంతు గాని, తాళం గాని లేని ఈ వాద్యగీతం ఓబ్రయన్ గిటారు నుండే పుట్టినదని చెబితే తప్ప తెలియదు. ఆల్బమ్ మధ్యలో ఊపిరి తీసుకొను చోటుగా దీనిని సమర్థించేవారు కలరు.

అభిప్రాయం మారిన తీరు

2001లో, ఇవే ధ్వనిముద్రణలలో మిగిలిన పాటలతో ఆమ్నీసియాక్ అనే ఆల్బమ్ వెలువడినది. అప్పటికి శ్రోతలకు ఈ ధ్వని కొంత అలవాటైనది. ఆ తరువాతి కాలంలో పాటలు వినే పద్ధతే మారిపోయినది. కంప్యూటరు, ఎలక్ట్రానిక్ ధ్వనులు అన్ని రకాల సంగీతంలోనూ కలిసిపోయాయి. ఓకే కంప్యూటర్‌తో పోల్చి చూడవలసిన అవసరం లేని కొత్త తరం దీనినే రేడియోహెడ్ సహజ స్వరంగా విన్నది. చక్ క్లోస్టర్‌మన్ అనే అమెరికన్ రచయిత 2005లో వెలువరించిన పుస్తకంలో, ఈ ఆల్బమ్ పాటల క్రమం 2001 సెప్టెంబరు 11 నాటి దాడులను ముందుగానే సూచించినట్లున్నదని వ్రాశారు. అది ఊహాగానమే అయినప్పటికీ, శ్రోతలు ఈ పాటలలో తమ కాలపు భయాలను వెదుక్కున్నారనడానికి నిదర్శనం.

ఈ మార్పును ఒకే పత్రిక లెక్కలలో చూడవచ్చు. రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో కిడ్ ఏ స్థానం 428. అదే 2012 నాటికి 67కు, 2020 నాటికి 20కి చేరినది. ఆల్బమ్‌లో ఒక్క స్వరమూ మారలేదు. అయితే 2020 జాబితాకు ఓట్లు కొత్తగా వేయించారని, వేసినవారు కూడా చాలావరకు వేరని గుర్తుంచుకొనవలెను. 2009లో రోలింగ్ స్టోన్, పిచ్‌ఫోర్క్, లండన్‌కు చెందిన ద టైమ్స్ పత్రికలు దీనిని ఆ దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంపిక చేశాయి.

అందరూ మారలేదు. మెలొడీ మేకర్‌లో దీనిని తీసిపారవేసిన మార్క్ బోమాంట్, పదేళ్ళ తరువాత 2010లో ద గార్డియన్ పత్రికలో మళ్ళీ ఇదే విషయంపై వ్రాశారు. లోకమంతా మెచ్చుకున్నా, మరల విన్నా తన అభిప్రాయం పెద్దగా మారలేదని తేల్చి చెప్పారు. ఎదురుగాలిలో మాట మీద నిలబడిన ఈ పెద్దమనిషిని అభిమానులు ఎగతాళి చేశారు గాని, ఏకాభిప్రాయం బలపడిన చోట ఇటువంటి గొంతుక ఒకటి ఉండుట శ్రోతలకు మేలే.

ఆల్బమ్ వెలువడి ఇరవై ఏళ్ళైన సందర్భంలో స్టీవెన్ హైడెన్ దీని చరిత్రపై దిస్ ఈజంట్ హ్యాపెనింగ్ (2020) అనే పుస్తకం వ్రాశారు. 2021 నవంబరు 5న కిడ్ ఏ, ఆమ్నీసియాక్‌లను, అప్పటి మిగిలిన ధ్వనిముద్రణలను కలిపి కిడ్ ఏ మ్నీసియా అనే పేరుతో పునర్విడుదల చేశారు. అదే నెలలో ఈ పాటలను, స్టాన్లీ డాన్‌వుడ్, యార్క్‌లు గీసిన చిత్రాలను కలిపి, కంప్యూటరులోను ప్లేస్టేషన్ 5లోను తిరుగుతూ చూడదగిన ప్రదర్శనశాల ఒకటి విడుదలైనది.