హక్ చింపేసిన ఉత్తరం

తాను చేస్తున్నది ఘోరపాపమని మనస్ఫూర్తిగా నమ్ముతూనే ఒక కుర్రాడు ఒక మంచిపని చేస్తాడు. మార్క్ ట్వేన్ నవల 'హకల్‌బెరీ ఫిన్'కు ఆయువుపట్టు అదే. 1885లో అమెరికాలో వెలువడిన ఈ నవలను నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చారు. మనలో చాలామందిమి దాన్ని మిసిసిపీ నది మీద తెప్ప ప్రయాణంగానే చదువుకున్నాం. విశ్వాసులుగా మళ్లీ చదివితే గుండె కలుక్కుమంటుంది. ట్వేన్ వ్యంగ్యానికి అందులో ఎక్కువగా దొరికిపోయింది భక్తిపరులే!

మిస్ వాట్సన్ హక్‌కు ప్రార్థన నేర్పుతుంది. రాత్రి పడుకోబోయే ముందు బానిసల్ని కూడా లోపలికి పిలిచి ప్రార్థన జరిపే ఇల్లది. ఆ బానిసల్లో ఒకడైన జిమ్‌ను 800 డాలర్లకు అమ్మేయాలని ఆమె చూస్తుంది. అది విని అతడు పారిపోతాడు. మరోచోట పగబట్టిన రెండు కుటుంబాలవారు తుపాకులు దగ్గర పెట్టుకుని సహోదర ప్రేమపై ప్రసంగం వింటారు, బాగుందని మెచ్చుకుంటారు, మర్నాడు ఒకరినొకరు కాల్చుకుంటారు. ఇంకోచోట స్టీమరు ప్రమాదంలో ఒక నల్లవాడు చనిపోయాడని హక్ కల్పించి చెబితే, మనుషులెవరికీ ఏమీ కాలేదని శాలీ అనే ఇల్లాలు సంతోషిస్తుంది. ఆమె దుర్మార్గురాలేమీ కాదు, వచ్చినవారికి కడుపునిండా పెట్టే తల్లి. ట్వేన్ ఎక్కడా వ్యాఖ్యానించడు. హక్ నోట అమాయకంగా చెప్పించి ఊరుకుంటాడు.

పారిపోయిన బానిసకు సాయపడితే నరకం తప్పదని హక్ నమ్మకం. భయపడి, జిమ్ ఆచూకీ తెలుపుతూ మిస్ వాట్సన్‌కు ఉత్తరం రాస్తాడు. పాపమంతా కడిగేసుకున్నట్టు హాయిగా ఉంటుంది. అంతలో, తన వంతు కాపలా కూడా జిమ్ కాసి తనను నిద్రపోనిచ్చిన రాత్రులు గుర్తొస్తాయి. నరకమైనా సరేననుకుని ఉత్తరం చింపేస్తాడు.

పారిపోయి వచ్చిన దాసుణ్ణి యజమానికి అప్పగించవద్దని ధర్మశాస్త్రమే ఆజ్ఞాపించిందని (ద్వితీ. 23:15) హక్‌కు ఎవరూ చెప్పలేదు. దాసులు లోబడాలన్న వాక్యాలు మాత్రం ఆనాటి దక్షిణాది ప్రసంగ వేదికల నుండి తెగ వినిపించాయి. మిస్సోరీలోని హానిబల్‌లో, బానిసలున్న ఇంట్లో పెరిగిన ట్వేన్, బానిసత్వం దేవునికి సమ్మతమేనని తమ ఊరి చర్చి బోధించిందని తర్వాత రాసుకున్నాడు. 1845లో దక్షిణాది బాప్టిస్టులు ఈ విషయం మీదే చీలిపోయారు. (నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు సువార్త తెచ్చిన అమెరికన్ బాప్టిస్టులు రెండో పక్షం వారు.) దక్షిణాది వారు క్షమాపణ చెప్పింది 1995లో. నూటయాభై ఏళ్లు పట్టింది! సంఘంలో పెద్దలు నొచ్చుకుంటారని మనం దాటవేసే వాక్యభాగాలు ఏవో మనకు తెలుసు. మన సండేస్కూలు పిల్లల మనస్సాక్షి కూడా అక్కడే తయారవుతోంది.

నవలలో లోపాలు లేకపోలేదు. చివరి అధ్యాయాల్లో టామ్ సాయర్ జిమ్‌ను ఆటబొమ్మను చేయడం మనకు మింగుడుపడదు. జిమ్ తన కథ తానే చెప్పుకుంటే ఎలా ఉంటుందో 2024లో పెర్సివల్ ఎవరెట్ 'జేమ్స్' నవలలో చూపించాడు.

జిమ్ చివరికి సైలస్ ఫెల్ప్స్ అనే రైతు చేతికి చిక్కుతాడు. సైలస్ బోధకుడు కూడా. సొంత ఖర్చుతో దుంగల చర్చి కట్టి, పైసా పుచ్చుకోకుండా ప్రసంగిస్తాడు. జిమ్‌ను తాళం వేసిన గుడిసెలో ఉంచి, ఒకటి రెండు రోజులకొకసారి వచ్చి అతనితో కలిసి ప్రార్థిస్తాడు. అప్పటికే మిస్ వాట్సన్ చనిపోయింది. జిమ్‌ను అమ్మజూసినందుకు సిగ్గుపడి, వీలునామాలో అతనికి విడుదల రాసింది. సైలస్‌కు ఆ సంగతి తెలియదు.