కారు నాపునది యేది?

పెద్ద బ్రేకులమర్చినచో పందెపు కారు మునుపటికంటె తక్కువ దూరములోనే ఆగునని పలువురు తలంతురు. ఈ తలంపులో సగమే నిజము.

బ్రేకు పట్టునది చక్రమును మాత్రమే; కారు నాపునది టైరునకును నేలకును నడుమ గల ఘర్షణ. ఆ ఘర్షణకొక హద్దు గలదు. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, మంచి టైర్లున్నచో, పొడిబాటపై సుమారు 40 మీటర్లలో ఆగగలదు. బాట వానకు తడిసి పట్టు సగమైనచో ఆ దూరము రెట్టింపగును. చక్రమును బిగబట్టి నిలుపగల బలము పాత బ్రేకులకే యున్నప్పుడు, వానికి మించిన బ్రేకులు తెచ్చి అమర్చినను ఫలములేదు. చక్రము తిరుగుట మానును. కారు మాత్రము జారుచు ముందునకే పోవును. స్టీరింగు త్రిప్పినను మాట వినదు.

మరి పందెగాండ్రు బ్రేకులకై అంత శ్రమపడుట యేల? కారణము వేడిమి. 1000 కిలోగ్రాముల కారును 240 కిలోమీటర్ల వేగమునుండి ఆపినచో పుట్టు వేడిమి, 7 లీటర్ల నీటిని మరిగింప చాలును. ఒకమారు ఆపుట యే బ్రేకుకైనను సాధ్యమే. ఫ్రాన్సు దేశమునందలి లె మాన్ పందెము 24 గంటలు సాగును. 1953 నాటికి అచట ప్రతి చుట్టునను కార్లు దాదాపు 6 కిలోమీటర్ల తిన్నని బాటపై మహావేగముతో వచ్చి, ఇరుకు మలుపు కడ ఒక్కసారిగా నెమ్మదింపవలసియుండెను. గెలువ దలచినవాడు ఇట్లు 300కు పైగా చుట్లు తిరుగవలెను.

ఆనాడు పెక్కు కార్లకు డ్రమ్ము బ్రేకులుండెడివి. మూసియున్న డ్రమ్ములో వేడిమి చిక్కుకొనును. డ్రమ్ము వ్యాకోచించి లోపలి పట్టీలకు ఎడమగును. కాగిన పట్టీల ఘర్షణయు సన్నగిల్లును. అట్టియెడ పెడలును ఎంత త్రొక్కినను కారు లొంగదు. మలుపు ఎదుట నున్న చోదకునకు ఇంతకంటె భయంకరమైన క్షణము లేదు.

ఆ యేడు జాగ్వార్ సంస్థ తన సి-టైపు కార్లకు, డన్‌లప్ వారితో కలసి సిద్ధపరచిన డిస్కు బ్రేకులనమర్చెను. డిస్కు బయటిగాలిలో తిరుగును గనుక త్వరగా చల్లారును. ఇంజను బలమున దానిని మించిన కార్లు పోటీలో నున్నను, టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అనువారు నడిపిన జాగ్వారు సగటున 170 కిలోమీటర్ల వేగముతో గెలిచెను. ఇతరులకంటె ఆలస్యముగా, మలుపునకు మరింత చేరువలో బ్రేకు వేయగలుగుటయు, కడపటి చుట్టునందును పెడలును నమ్మగలుగుటయు దాని బలము.

పెద్ద బ్రేకుల మేలును ఇట్టిదే. లోహము హెచ్చినకొలది వేడిమిని భరించును, వైశాల్యము హెచ్చినకొలది విడిచిపెట్టును. బరువు పెరుగుట మాత్రము తప్పదు.

డ్రమ్ములనే నమ్ముకొన్న మెర్సిడెస్ వారు 1955లో మరియొక యుపాయము పన్నిరి. చోదకుని వెనుక నొక వెడల్పైన పలకనమర్చి, మలుపు సమీపించినపుడు దానిని పైకిలేపి, ఎదురుగాలి చేతనే వేగము తగ్గించుకొనిరి.