తలకు గాయం, మూలకణాల ఆశ: డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సినవి

కులదాడిలో కర్ర దెబ్బ తలకు తగలొచ్చు. సెంట్రింగ్ పనిలో పైనుంచి జారిపడొచ్చు. ప్రాణం దక్కినా కాలూచేయీ పడిపోయినవాళ్లు, మాట తడబడేవాళ్లు మన వాడల్లో ఉన్నారు. ‘స్టెమ్ సెల్స్‌తో నయం చేస్తాం’ అనే ప్రకటనలు ఇలాంటి కుటుంబాల ఆశ మీదే బతుకుతాయి. అట్రాసిటీ కేసులో వచ్చిన పరిహారం కూడా అటే పోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ చికిత్స ఎక్కడిదాకా వచ్చిందో మనం తెలుసుకోవాలి.

ఏమిటీ మూలకణాలు?

కొత్త కణాలను పుట్టించగల కణాలే మూలకణాలు. తెగిన చర్మం మళ్లీ కలుస్తుంది. మెదడులో చనిపోయిన నాడీకణాల స్థానంలో కొత్తవి దాదాపు పుట్టవు. అందుకే ఎముక మజ్జ నుంచి తీసిన కణాలను దెబ్బతిన్న చోట ఎక్కించి చూస్తున్నారు. అవి అక్కడే ఉండి కొత్త మెదడుగా మారిపోవు. అవి విడుదల చేసే పదార్థాలు మిగిలిన నాడీకణాలు కోలుకోవడానికి తోడ్పడతాయని పరిశోధకుల అంచనా.

రుజువు ఎంత?

జపాన్ కంపెనీ శాన్‌బయో జరిపిన పరీక్షలో, గాయమై ఏడాది దాటినా కదలికలు సరిగా రాని 61 మందికి శస్త్రచికిత్స చేశారు. 46 మందికి కణాలు ఎక్కించారు. 15 మందికి ఏమీ ఎక్కించలేదు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగులకు చెప్పలేదు. 24 వారాల తర్వాత, కదలికలను కొలిచే 100 మార్కుల పరీక్షలో మొదటి గుంపు సగటున 8.3, రెండో గుంపు 2.3 మార్కులు మెరుగుపడ్డాయి. కణాలు ఎక్కించనివాళ్లూ కొంత కోలుకున్నారు, గమనించండి. కాబట్టి ‘మా దగ్గర ఫలానా ఆయన నడిచాడు’ అనే వీడియో ఒక్కటే రుజువు కాదు. 2024లో జపాన్ ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది, అదీ షరతులతోనే.

మన దేశంలో

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతాదంతా పరిశోధనే. అనుమతి పొందిన ట్రయల్‌లోనే చేయాలి. రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ట్రయల్ అనగానే సంతకం పెట్టేయడమూ సరికాదు. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశోధన జరిగినప్పుడు, గిరిజన బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మన శరీరాల మీద పరిశోధన మన అంగీకారంతోనే జరగాలి.

ఎవరైనా మూలకణాల చికిత్స అంటే ఇవి అడగండి:

- క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? నంబర్ ఎంత?
- ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది?
- అంగీకార పత్రం తెలుగులో ఇస్తారా?
- హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు?

డబ్బు అడిగితే అక్కడే ఆగండి.

మన డిమాండ్

గాయపడ్డవాళ్లకు ఇవాళ కావాల్సింది ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ, మానసిక సహాయం. ఇవి జిల్లా ఆసుపత్రిలో దొరకాలి. 2016లో సవరించిన అట్రాసిటీ నిబంధనల ప్రకారం వైకల్యాన్ని బట్టి బాధితులకు 2.5 లక్షల నుంచి 8.25 లక్షల రూపాయల దాకా సహాయం రావాలి. ఆ డబ్బును రాబట్టడం, అది ప్రకటనలకు బలికాకుండా కాపాడటం రెండూ మన పనే.