పాతబండికిఁ బాతగేరు

మా ఆనందపురమున నొక పాలవాని జీవనమంతయుఁ బాత యెజ్డీ బండిమీఁద నున్నది. క్యానుల బరువునకు దాని రెండవ గేరు జాఱిపోవుచున్నది. ఆ బండిని చేసిన మైసూరు కర్మాగారము 1996లో మూతపడినది. 2022లో వచ్చిన క్రొత్త యెజ్డీల యంత్రమే వేఱు. వాని సామాను దీనికిఁ గుదురదు. కావునఁ బాతసామాను అంగళ్లే శరణ్యము.

అచట వర్తకుఁడు గేరుపెట్టె మొత్తముగాఁ గొనుమనును. అంత వ్యయ మక్కఱలేదు. గేరు జాఱుటకుఁ దఱచుగాఁ గారణము చుట్టునున్న పండ్లు గావు. చక్రముల ప్రక్కన నుండి యొకదానినొకటి పట్టుకొను మొనలు. వీనిని మేస్త్రీలు డాగులందురు. శునకములని తెనిఁగింప నాకు ధైర్యము చాలదు. వాని మూలలు గుండ్రనైనచోఁ బట్టు విడిపోవును. మూల గోటికిఁ బదునుగాఁ దగిలిన చక్రమునే, పాతముక్కతోఁ బండ్లు లెక్కించి పోల్చి, కొనవలెను. చక్రమును జరుపు ఫోర్కు వంగియున్నచో దానినిఁ గూడ మార్పవలెను. లేనిచోఁ దెచ్చిన చక్రము సయితము త్వరలోనే యరిగిపోవును.