ఊపిరి కొలత, ఆయువు లెక్క
1846లో ఆంగ్ల వైద్యుడు జాన్ హచిన్సన్ నీటిలో తేలే పాత్రతో స్పైరోమీటర్‌ను రూపొందించి, రెండు వేల మందికి పైగా మనుషుల ఊపిరిని కొలిచి, నిండుగా పీల్చాక వదలగలిగిన మొత్తం గాలి ఆయువును సూచిస్తుందని నమ్మి, దానికి 'ప్రాణ సామర్థ్యం' అని పేరు పెట్టాడు.

సీఓపీడీని, అంటే పొగాకు పొగ, కట్టెల పొయ్యి పొగ వంటి వాటి వల్ల శ్వాసనాళాలు ఇరుకై గాలి బయటికి రావడం కష్టమయ్యే దీర్ఘకాలిక జబ్బును, నేటికీ ఈ పరీక్షతోనే నిర్ధారిస్తారు. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, గొట్టం చుట్టూ పెదవులు బిగించి, రోగి ఛాతీ నిండా పీల్చి ఒక్క ఉదుటున ఊదడం మొదలుపెట్టి, లోపల ఇక గాలి లేదనిపించేదాకా ఊదుతూనే ఉండాలి. నాళాలను విప్పే మందు పీల్చిన తర్వాత కూడా మొదటి సెకనులో వెలువడిన గాలి మొత్తంలో 70 శాతానికి తగ్గితే అవరోధం ఉన్నట్లు లెక్క. ఆయాసాన్ని వయసు మీద నెట్టేసి ఈ పరీక్షను వాయిదా వేయడం నిజంగా బాధాకరం.

అయితే ఆయుష్షు అంచనాకు ఆ ఒక్క అంకె చాలదు. 2004లో వెలువడిన బోడ్ సూచిక మొదటి సెకనులో వెలువడే గాలి పరిమాణానికి ఎత్తుకు తగిన బరువు, ఆయాసం తీవ్రత, ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం జోడించి 0 నుంచి 10 వరకు మార్కులు వేస్తుంది. మార్కులు పెరిగేకొద్దీ మరణ ప్రమాదం పెరుగుతుంది, బక్కచిక్కడం కూడా ఇక్కడ ప్రమాద సంకేతమే. పొగ మానేస్తే ఊపిరి తరిగే వేగం తగ్గుతుంది. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినవారికి రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ అందిస్తే ఆయువు పెరుగుతుంది.