ఇంటి విక్రయము - ఆడపడుచు చేవ్రాలు

ఎద్దును కొనునపుడు మన రైతు పండ్లు లెక్కించును, సుడులు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. లక్షల మూల్యముగల యింటిని కొనునపుడు ద్వారబంధమును, బావినీటిని, వీధిపోటును పరీక్షించి తృప్తి చెందుచున్నాడు. వాస్తు తెలిసిన వారిని నలుగురిని విచారించును గాని, ఈ యింటికి హక్కుదారు లెందరని యొక్కరినైనను విచారింపడు. పట్టణములలో స్థలముల ధరలు పెరిగినకొలది యీ యుపేక్షవలన గలుగు నష్టమును పెరుగుచున్నది. ఈ విషయమును గూర్చి మా పాఠకులతో కొంత విపులముగా ముచ్చటింపదలచితిమి.

ఒక యుదాహరణమును గైకొందము. ఇది ఏ యొక్క యింటి కథయు గాదు; న్యాయస్థానముల గుమ్మములయందు నిత్యము వినబడు కథయే. ఒక పట్టణమున నొక గృహస్థుడు స్వార్జితమైన యిల్లు విడిచి, మరణశాసనము వ్రాయకయే కాలధర్మము నొందెను. భార్య కలదు, ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. కుమార్తెలు అత్తవారిండ్ల నున్నారు. కుమారు లిద్దరును ఇల్లు అమ్మజూపగా, ఒక యుపాధ్యాయుడు ఉద్యోగ విరమణమున వచ్చిన సొమ్మంతయు వెచ్చించి కొనెను. ఆయన యజాగ్రత్తపరుడు గాడు. ఈసీ తీయించెను; అందు తనఖాలు లేవు. ఇంటిపన్ను రసీదులు కుమారుల పేర నున్నవి. తండ్రి దస్తావేజు అసలు ప్రతి చేతికి వచ్చినది. సబురిజిస్ట్రారు ఎదుట చేవ్రాళ్లు, వ్రేలిముద్రలు, ఛాయాచిత్రములు అన్నియు సక్రమముగా జరిగినవి. ఆరేండ్ల పిమ్మట పెద్ద కుమార్తె వేసిన విభాగపు దావాలో నోటీసు అందెను. అప్పుడాయన వేసిన ప్రశ్న యిది: "రుసుము పుచ్చుకొని రిజిస్టరు చేసిన ప్రభుత్వము ఆనాడేల యూరకుండెను?"

సమాధానము చేదుగా నున్నను చెప్పక తప్పదు. ఆస్తి బదలాయింపు శాసనము 1882 నాటిది. రిజిస్ట్రేషను శాసనము 1908 నాటిది. పరప్రభుత్వము తన కాలమున నిర్మించిన యీ రెండు శాసనములే నేటికిని మన యిండ్ల క్రయవిక్రయములను నడుపుచున్నవి. నూరు రూపాయలు గాని యంతకు మించి గాని విలువగల స్థిరాస్తిని రిజిస్టరైన పత్రమువలననే యమ్మవలెనని మొదటి శాసనము 54వ సెక్షను చెప్పుచున్నది. నూరు రూపాయలకు నేడొక బస్తా సిమెంటైనను రాదు గాని సంఖ్య మాత్రము మారలేదు. రెండవ శాసనము ప్రకారము రిజిస్ట్రారు ముఖ్యముగా చూడవలసినది, పత్రమును వ్రాసియిచ్చినవాడు ఈతడేనా, తాను వ్రాసియిచ్చినట్లు ఒప్పుకొనుచున్నాడా యనునదియే. వానికి ఆ యింటిపై హక్కున్నదా లేదా యని తీర్పు చెప్పుట యాతని పని గాదు. 2025 ఏప్రిలులో తమిళనాటి నిబంధన నొకదానిని కొట్టివేయుచు సర్వోన్నత న్యాయస్థానము ఈ మాటనే మరల స్పష్టపరచినది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు మున్నగు నిషిద్ధ జాబితాలోని యాస్తుల పత్రములను నిరాకరించుటకు రెండు తెలుగు రాష్ట్రములలోను 22ఎ సెక్షను కలదు. ఇంటి యాడపడుచుల కట్టి జాబితా యేదియు లేదు.

కావున రిజిస్ట్రేషను దస్తావేజునకు సాక్ష్యమే గాని హక్కునకు పూచీ గాదు. అమ్మినవానికి ఎంత హక్కు కలదో కొన్నవానికి అంతయే వచ్చును.

ఈసీని గూర్చియు మనవారికి మిక్కిలి భ్రమ కలదు. రిజిస్టరైన పత్రముల జాబితాయే ఈసీ. తండ్రి మరణించుటతోడనే వారసులకు సంక్రమించిన హక్కు అందు గానరాదు; మరణము రిజిస్ట్రారు కార్యాలయమున దస్తావేజుగా నమోదగు విషయము గాదు గదా! రిజిస్టరు గాని మరణశాసనము గానరాదు. దస్తావేజుల నప్పగించి చేసిన తనఖా రిజిస్టరు కానిచో గానరాదు. కోర్టులో నడుచుచున్న దావాయు సాధారణముగా గానరాదు. అయినను దావా నడుచుచుండగా కొన్నవాడు దాని తీర్పునకు కట్టుబడవలసినదే. ఇక ఇంటిపన్ను రసీదు పన్ను ఎవరు కట్టిరో చెప్పును గాని యిల్లెవరిదో చెప్పదు.

ఇప్పుడు ఆ యుపాధ్యాయుడు కొన్నదేమో లెక్కింతము. 1956 నాటి హిందూ వారసత్వ శాసనము ప్రకారము, మరణశాసనము లేక గతించిన హిందూ పురుషుని స్వార్జితము అతని భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లి యున్నచో తల్లికి సమానముగా జెందును. ఈ గృహస్థుని తల్లి అంతకు ముందే గతించినదనుకొన్నచో భాగస్థు లైదుగురు. ఇద్దరు సోదరులు అమ్మగలిగినది రెండు పాళ్లు. ఆయన ఐదు పాళ్లకు సొమ్ము చెల్లించి రెండు పాళ్లు కొనెను. తల్లి తన యింటనే యుండి, కుమారులమీది మమకారముచే నోరు మెదపకున్నను, ఆమె పాలు ఆమెదే.

కుమార్తెకు స్వార్జితమున సమాన భాగము నిన్న మొన్న వచ్చినది గాదు. 1956 నుండియు నున్నదే. కాని నివాస గృహము విషయమున ఆ శాసనకర్తలే యొక చేత నిచ్చి రెండవ చేత పట్టియుంచిరి. కుటుంబమువారు పూర్తిగా కాపురముండు ఇంటిని మగ వారసులు తమంతట తాము పంచుకొనదలచువరకు ఆడ వారసురాలు విభాగము కోరరాదని 23వ సెక్షను శాసించెను. అవివాహితయో, భర్త విడిచినదో, వితంతువో యైన కుమార్తెకు మాత్రము అందు నివసించు హక్కు కలదనిరి. ఆమెకు పాలున్నది గాని, పంచుమని యడుగుటకు నోరు లేదు! దాదాపు ఏబదేండ్లు ఈ స్థితి సాగినది. "ఇంటిలో ఆడపిల్లల కేమున్నది" యను మాట మన కుటుంబములలో నేటికిని వినబడుటకు ఈ సెక్షను కొంత కారణమని మా యభిప్రాయము. 2005 సెప్టెంబరు 9 నుండి యీ సెక్షను లేదు. శాసనము పోయినను మాట మిగిలినది. కొనుగోలుదారుని కొంప ముంచునది ఆ మాటయే.

పిత్రార్జితమున కథ వేరు. ఇందు తెలుగువారు గర్వింపదగిన విషయమొకటి కలదు. సమష్టి కుటుంబపు ఆస్తిలో కుమార్తెను కుమారునితోబాటు పుట్టుకతోనే భాగస్థురాలిని చేసిన ప్రథమ రాష్ట్రము ఆంధ్రప్రదేశ్. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వ కాలమున 1986లో వచ్చిన యీ సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి యమలులోనికి వచ్చినది. నాటికే వివాహమైన కుమార్తెలకు మాత్రము వర్తింపలేదు. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఈ మార్గమునే యనుసరించెను. 2005 నాటి కేంద్ర సవరణ వివాహితలను అవివాహితలను భేదింపక దేశమంతటికిని దీనిని విస్తరించెను. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. 2004 డిసెంబరు 20కి పూర్వమే జరిగిన విక్రయములకు, రిజిస్టరైన పంపకములకు భంగము లేదు. "మా తాతల నాడే నోటిమాటగా పంచుకొంటిమి" అనువారి మాట మాత్రము సులభముగా చెల్లదు. దానికి దోహదముగా ప్రభుత్వ పత్రములు చూపవలసియుండును.

ఇవి హిందువులకు వర్తించు నియమములు. ముసల్మానుల ధర్మశాస్త్రమున కుమారునితోగూడ వారసురాలగు కుమార్తెకు అతని భాగమున సగము చొప్పున మొదటినుండియు హక్కు కలదు. 1925 నాటి శాసనము ననుసరించు క్రైస్తవులలో కుమారులకు కుమార్తెలకు సమాన భాగమే. ఎవరి యిల్లు కొనినను అడుగవలసిన ప్రశ్న యొక్కటియే.

దీనికి మనవారు చెప్పు సమాధానములు మాకు తెలియనివి కావు. "పసుపుకుంకుమల క్రింద ఇచ్చివేసితిమి, కట్నము పుచ్చుకొన్నది, ఇంకేమి హక్కు?" అందురు. పెండ్లినాడిచ్చిన సొమ్ము ఇంటిలోని పాలును తుడిచివేయదు. ఆమె నిజముగా వదలుకొన్నచో దానికి హక్కు విడుదల దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయవలెను. తెల్లకాగితముపై వ్రాయించుకొన్న సంతకము ఆమె హక్కును బదలాయింపజాలదు. "కుటుంబపు పెద్దగా అన్నగారు కుటుంబావసరమునకై యమ్మినారు" అని మరియొక వాదము. పిత్రార్జితమున అట్టి యధికారము కర్తకు కలదనుట నిజమే. కాని ఆ యవసరము నిజముగా నుండెనని నిరూపించు భారము కొన్నవానిపై బడును. అన్నగారి యప్పుల చరిత్ర కొన్నవాని కెట్లు తెలియును? "నేను సద్భావముతో కొంటిని" అనువారికిని, తగిన విచారణ చేసితినని చూపలేనిచో రక్షణ లేదు.

పత్రికలలో ప్రకటన వేయించుట మరియొక యాచారము. ఏడు దినములలో ఆక్షేపణలు తెలుపనిచో హక్కులు లేనట్లే భావింపబడునని న్యాయవాదుల పేర వెలువడు ప్రకటనలను పాఠకు లెరుగుదురు. పత్రికలకు వీనివలన ఆదాయము కలదు గనుక మేము దీనిని నిందించుట వింతగా దోచవచ్చును. ప్రకటన విచారణకు సాక్ష్యముగా నుపకరించును, మంచిదే. కాని ప్రకటన చదువని యాడపడుచు పాలు ఏడవ దినమున అంతరించునని యే శాసనమును చెప్పలేదు.

సోదరు లిద్దరి చేవ్రాళ్లతో కొన్నవానికి నివాస గృహమున మరియొక చిక్కు కలదు. అవిభక్త కుటుంబపు నివాస గృహమున ఒక భాగస్థుని పాలు కొన్న బయటివానికి, తక్కినవారితో కలసి ఆ యింట కాపురముండు హక్కు లేదని 1882 నాటి శాసనము 44వ సెక్షను చెప్పుచున్నది. ఆ బయటివాడు తన పాలు పంచి యిమ్మని దావా వేసినచో, ఆ పాలును కోర్టు కట్టిన వెలకు తామే కొనివేయుటకు కుటుంబమువారికి 1893 నాటి విభాగ శాసనము 4వ సెక్షను అవకాశమిచ్చుచున్నది. తోడి వారసుడు తన పాలు అమ్మదలచినపుడు ముందుగా కొను హక్కు తక్కిన వారసులకు 1956 నాటి శాసనము 22వ సెక్షనుచే నున్నది. ఇల్లు చేనువంటిది గాదని, పరాయివానిని వంటింటి ప్రక్కన నిలుపరాదని శాసనకర్తలు తలచిరి. ఆ తలంపు మంచిదే. దాని బరువు మాత్రము తెలియక కొన్నవాని నెత్తిపై బడుచున్నది.

ఇక చేయవలసిన పని యేమి? బయానా యనుడు, సంచకరువనుడు, ఆ సొమ్ము చేతులు మారుటకు ముందే వంశవృక్షమును వ్రాయించుకొనవలెను. దస్తావేజు ఎవరి పేర నున్నదో వారి మరణ ధ్రువపత్రము, వారి భార్య, తల్లి, సంతానము, గతించిన సంతానమునకు గల బిడ్డలు - అందరి పేర్లును అందుండవలెను. మండల కార్యాలయమువారిచ్చు కుటుంబ సభ్యుల ధ్రువపత్రము సాయపడును గాని దానితో తృప్తి చెందరాదు; కుమార్తె పేరు విడిచి తెచ్చుకొన్నవారును కలరు. కొనువాడు ఇరుగుపొరుగువారిని విచారింపవలెను. ఏ యింటికి ఎందరు ఆడపిల్లలో వీధిలో తెలియనివారుండరు! సాధ్యమైనచో ఆ యాడపడుచుల యింటికే స్వయముగా పోయి యడుగుట మేలు. ఒక్క ప్రయాణపు ఖర్చు; దావా ఖర్చుతో పోల్చిన నది లెక్కలోనిది గాదు. అందరును విక్రేతలుగా చేవ్రాలు చేయవలెను. లేనిచో ముందుగా విడుదల దస్తావేజు రిజిస్టరు కావలెను. అన్నగా రొక్కరే సంతకము చేసిన అగ్రిమెంటును పట్టుకొని కోర్టుకు పోయినను చెల్లెండ్రచేత అమ్మింపజాలము.

మైనరు వారసుడున్నచో మరింత జాగరూకత వలయును. మైనరునకు విడిగా సంక్రమించిన స్థిరాస్తిని కోర్టు అనుమతి లేక సహజ సంరక్షకులైన తలిదండ్రులైనను అమ్మరాదు. అమ్మినచో మేజరైన మూడేండ్లలో అతడు రద్దు కోరవచ్చును.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో నున్న యాడపడుచు నేడు తెలుగునాట ప్రతి వీధిలోను కలదు. ఆమె రాలేనిచో అచ్చటి భారత కాన్సలు ఎదుటనో నోటరీ ఎదుటనో అధికార పత్రము వ్రాసి పంపవచ్చును. అది మన దేశమునకు చేరిన మూడు నెలలలో ఇచ్చట స్టాంపు వేయించుకొనవలెను. పత్రము వ్రాసిన యామె మరణించినచో సాధారణముగా ఆ యధికారము కూడ ముగియును. కనుక ఏండ్ల క్రిందటి అధికార పత్రముతో అమ్మవచ్చిన సోదరుని, చెల్లెలిని ఫోనులో చూపుమని యడుగుట అమర్యాద గాదు.

అమ్మువారికిని ఒక మాట. తన హక్కులోని లోపమును తెలిసి దాచినచో దానికి విక్రేతయే బాధ్యుడని 55వ సెక్షను చెప్పుచున్నది. ఐదు పాళ్ల మూల్యము పుచ్చుకొన్న సోదరులు మూడు పాళ్ల సొమ్ము తిరిగి చెల్లింపవలసియుండును. స్టాంపు ఖర్చు తగ్గించుటకై దస్తావేజులో తక్కువ వెల వ్రాసి మిగిలినది రొక్కముగా నిచ్చినచో, ఆ రొక్కమునకు కొన్నవాని చేత పత్రసాక్ష్యము లేదు. మన యుపాధ్యాయుని దస్తావేజులోను అట్లే వ్రాయబడినదనుకొందము. సోదరులలో నొకడు తనకు వచ్చిన సొమ్ము అప్పులవారికి పంచివేసెను. రెండవవాడు ఊరు విడిచెను. చెల్లెండ్రతోను తల్లితోను రాజీ కుదిరినను, ఆయన మూడు పాళ్లు మరల కొనవలసియున్నది. ఆరేండ్ల క్రిందటి ధరకు గాదు, నేటి ధరకు.