పిచికారీ మందు లెక్క: లీటరుకా, ఎకరాకా?

సస్యరక్షణ సిఫార్సులలో “లీటరు నీటికి ఇంత మందు” అనే వాక్యం అందరికీ సుపరిచితం. విస్తరణ సిబ్బందికి చెప్పడం సులభం, రైతుకు గుర్తుంచుకోవడం సులభం. అయితే ఈ వాక్యంలో పైకి కనిపించని షరతు ఒకటి ఉంది. చాలా సిఫార్సులలో ఎకరాకు 200 లీటర్ల నీరు వాడతారనే భావన ఇమిడి ఉంటుంది. నీరు తగ్గితే ద్రావణపు గాఢత మారకపోయినా, పొలానికి అందే మందు తగ్గిపోతుంది. పవర్ స్ప్రేయర్లు, డ్రోన్లు వాడుకలోకి వచ్చిన ఈ రోజుల్లో ఈ తేడా చిన్నది కాదు.

క్రియాశీల పదార్థం నుండి వాణిజ్య మందుకు

పరిశోధన ఫలితాలలో మోతాదును సాధారణంగా హెక్టారుకు క్రియాశీల పదార్థంగా తెలుపుతారు. ఆ సంఖ్యను 100తో హెచ్చించి, మందులోని క్రియాశీల పదార్థపు శాతంతో భాగిస్తే కావలసిన వాణిజ్య మందు పరిమాణం వస్తుంది. మొక్కజొన్నలో హెక్టారుకు 1 కిలో అట్రజిన్ అందించాలనుకుందాం. 50 శాతం పొడి మందు అయితే 1 × 100 ÷ 50 = 2 కిలోలు, అంటే ఎకరాకు సుమారు 800 గ్రాములు కావాలి.

ఇక నీటి లెక్క. 100 చదరపు మీటర్ల స్థలాన్ని కొలిచి, రోజూ నడిచే వేగంతోనే ఉత్త నీటిని పిచికారీ చేయాలి. ఖర్చయిన నీటిని 40తో హెచ్చిస్తే ఎకరాకు పట్టే నీరు తెలుస్తుంది. 4 లీటర్లు ఖర్చయితే ఎకరాకు 160 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు 10. కనుక ట్యాంకుకు 80 గ్రాముల మందు కలపాలి. అలా కాక 200 లీటర్ల లెక్కతో వచ్చిన “లీటరుకు 4 గ్రాములు” అనే సూత్రాన్నే పాటిస్తే ట్యాంకుకు 64 గ్రాములు, ఎకరాకు 640 గ్రాములు మాత్రమే పడతాయి. మోతాదు 20 శాతం తగ్గుతుంది. కలుపు మిగిలితే మళ్లీ కూలీల ఖర్చు భరించవలసింది రైతే. నింద మాత్రం మందుపై పడుతుంది.

ఎకరాకు 10 లీటర్లతో పిచికారీ చేసే డ్రోన్‌లో లీటరుకు 2 మి.లీ. చొప్పున మందు కలిపితే, 400 మి.లీ. పడవలసిన చోట 20 మి.లీ. మాత్రమే పడుతుంది.

శాతం దేనిలో శాతం?

ద్రవరూప మందులలో మరొక చిక్కు ఉంది. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్.ఎల్. మందులో 17.8 అనేది బరువులో బరువు శాతం. ఈ ద్రవం లీటరు బరువు సుమారు 1.12 కిలోలు. అందువల్ల లీటరులో ఉండేది 178 గ్రాములు కాదు, 200 గ్రాములు. హెక్టారుకు 25 గ్రాముల క్రియాశీల పదార్థం కావాలంటే 125 మి.లీ. చాలు. ఈ భేదం గమనించక లెక్కిస్తే 140 మి.లీ. వస్తుంది. 70 శాతం డబ్ల్యూ.జి. రూపంలో అదే మోతాదుకు సుమారు 36 గ్రాములు సరిపోతుంది. మందు పేరు ఒక్కటే అయినా రూపాన్ని బట్టి పరిమాణం మారుతుందని విద్యార్థులు గ్రహించాలి.

గాఢతే ప్రధానమైన సందర్భాలు

లీటరు లెక్క అన్ని వేళలా తప్పు కాదు. పైరుపై యూరియా పిచికారీ చేసేటప్పుడు ఆకు మాడకుండా ఉండటం గాఢతపై ఆధారపడుతుంది. 2 శాతం అంటే లీటరుకు 20 గ్రాములు. పూత, పిందె రాలకుండా వాడే నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం 10 పీపీఎం కావాలంటే లీటరులో 10 మిల్లీగ్రాములు ఉండాలి. 4.5 శాతం మందులో మి.లీ.కు 45 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే 1 మి.లీ. మందు 4.5 లీటర్ల నీటికి సరిపోతుంది. 16 లీటర్ల ట్యాంకుకు సుమారు 3.5 మి.లీ. చాలు. ఇంత స్వల్ప పరిమాణాన్ని సీసా మూతతో కాక సిరంజితో కొలవాలి.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు కరపత్రాలలో వాణిజ్య మందు పేరు, శాతంతో పాటు ఎకరాకు మందు ఎంత, నీరు ఎంత అనే రెండు సంఖ్యలను తప్పక పేర్కొనాలి. ట్యాంకు లెక్కను రైతు పొలంలోనే, రైతు స్ప్రేయర్‌తోనే కట్టి చూపాలి. అరగంట పట్టే ఈ పని ఒక పిచికారీ ఖర్చును కాపాడగలదు.